కొబ్బరికాయల పన్ను

కొబ్బరికాయ కనబడితే నాకు అమెరికా వాళ్ళ పన్ను గుర్తొస్తుంది. నవ్వకండి. ఇది నా బుర్రకు పట్టిన తెగులు కాదు, మా అక్క అంటించి పోయినది. సొంత అక్క కాదు. ఈ మలాయ్ దేశంలో, క్లాంగ్ అనే ఊళ్ళో మేమిద్దరం పనిచేసిన ఆఫీసులో నాకన్నా చాలా పెద్దది, నాకు పని నేర్పినది. మలాయ్ పిల్లలూ చైనీయుల పిల్లలూ ఆమెను 'కాక్' అనేవారు, మలాయ్‌లో అక్క అని. ఆమె కాక తెలుగుదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నోరారా 'అక్కా' అని పిలుచుకునేదాన్ని. పోయి ఏడాది దాటింది. మొన్న ఆదివారం మా ఇంటి గుమ్మంలో ఒక గోనెసంచి దిగింది. అది దిగాకే ఆమె గురించి రాయాలనిపించింది. సంచి సంగతి చివర చెబుతాను, ముందు మనిషిని చూడండి.

ఆమెను చూడాలంటే రొట్టె కొట్టులో చూడాలి. మా ఆఫీసు కింద తమిళ ముస్లిములు నడిపే మామక్ కొట్టు ఒకటి ఉంది. ఈ దేశంలో అలాంటి కొట్లలో వెళ్ళి కూర్చుంటాం, తింటాం, బోలెడు కబుర్లు చెప్పుకుంటాం, పోతూ పోతూ గల్లా దగ్గర ఆగి ఏం తిన్నామో చెప్పి డబ్బు కడతాం. అక్క మాత్రం లోపల అడుగు పెడుతూనే తిన్నగా గల్లా దగ్గరికి నడిచేది. "ఒక రొట్టి, ఒక టీ. తీసుకో" అని నోటు చాపేది. గల్లా మీద ఆయన తల పట్టుకుని, "మొదల్ల సాప్పిడుంగక్కా!" అని తమిళంలో బతిమాలేవాడు, ముందు తినవమ్మా తల్లీ అని. ఎవరు విన్నారు? కట్టేసి వచ్చి కూర్చున్నాక ఆమె మొహం చూడాలి. పంజాబీ డ్రెస్సు చేతులు మోచేతుల దాకా మడిచి, పళ్ళెం తన వైపు లాక్కుని, "ఇప్పుడిది నాది. ఎవుడొచ్చి అడుగుతాడో అడగమను" అనేది.

నాకు ఒళ్ళు మండేది. ఇంకో టీ తాగుదామక్కా అంటే, "కట్టింది అయిపోనాది లా" అని లేచిపోయేది. ఈ 'లా' మా అందరి నోటికీ మలాయ్ వాళ్ళ దగ్గర అంటుకుంది, మాట చివర ఊరికే వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ కట్టొచ్చు కదా అంటే, "మల్లీ లేచి అంత దూరం ఎవుర్తి ఎల్తాది?" అనేది. అంత దూరం అంటే రెండు బల్లల అవతల. అలా నేను ఎన్ని సగం కబుర్లు మింగేసుకుని లేచానో.

మా పనేమిటో చెప్పకపోతే ఆమెది వట్టి చాదస్తం అనుకుంటారు. మేం కూర్చునేది క్లాంగ్‌లో, మాట్లాడేది అమెరికా వాళ్ళతో. అక్కడి జనం ముసలితనం కోసం దాచుకునే డబ్బు చూసే ఒక కంపెనీకి మేం ఫోన్లు ఎత్తేవాళ్ళం. మాకు తెల్లారేసరికి వాళ్ళ పడమటి తీరంలో ముందురోజు సాయంత్రం. వాళ్ళు ఇంటికి చేరి, కాళ్ళు బార్లా చాపుకుని, మాకు ఫోను కొట్టేవారు. ఎక్కువ మంది అడిగేది ఒకటే, పాత రకం ఖాతాలోని డబ్బును రాత్ అనే ఖాతాలోకి మార్చుకోవచ్చా అని. పాత ఖాతాలో వేసుకునేటప్పుడు పన్ను పడదు, ముసలితనంలో తీసుకునేటప్పుడు పడుతుంది. రాత్ ఖాతా దానికి తిరగేసింది. పన్ను ముందే కట్టేస్తే, తర్వాత అయిదేళ్ళు ఆగి నియమం ప్రకారం తీసుకున్నంత కాలం అసలూ పెరిగిందీ అంతా మన సొంతం. అందుకని పాత దాంట్లోంచి రాత్‌లోకి ఎంత మారిస్తే అంతా ఆ ఏటి సంపాదన కింద లెక్కకొస్తుంది, పన్ను పడుతుంది. ఒకసారి మార్చాక అయ్యో పొరపాటైంది అంటే వెనక్కి తిప్పేది లేదు.

నాకు ఈ సంగతి బుర్రకెక్కిన రోజున రొట్టె కొట్టులో అడిగాను, "అక్కా, నువ్వు రొట్టెని కూడా రాత్‌లో వేస్తున్నావా?" అని. ఆమెకు టీ పొలమారింది. ముక్కులోంచి వచ్చిందనుకోండి. ఆ రోజు నుంచే నన్ను మనిషిగా లెక్కపెట్టిందని నా నమ్మకం.

కొత్తగా చేరిన వాళ్ళకు పాఠం చెప్పేది ఆమే. మొదటి రోజు ప్రతి జట్టూ ఆమె మీద తిరగబడేది. మన సొమ్ము ఈ జేబులోంచి ఆ జేబులోకి వేసుకుంటే పన్నేమిటి అని. మా వాళ్ళకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. ఇక్కడ మా జీతంలో నెలనెలా పీఎఫ్‌కు పోయే డబ్బు యాభై అయిదేళ్ళు నిండగానే చేతికొచ్చేస్తుంది, తీసుకుంటే పన్ను అనే మాటే లేదు. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకిపోయింది. ఒకసారి కువాలా సెలంగోర్ నుంచి వచ్చిన ఒకమ్మాయికి అక్కే అమెరికా ముసలాయన వేషం కట్టి ఉత్తుత్తి ఫోను చేసింది. ఆ అమ్మాయి ఎంతో భరోసాగా, "యాభై అయిదు దాటిందా సార్? ఇంకేం, మొత్తం తీసేసుకోండి, పన్ను ఉండదు" అనేసింది. అక్క గొంతు బొంగురు చేసి, "నిజమా బంగారం? అయితే నువ్వే నాకు పన్నుల మంత్రివి" అంది. అందరం కుర్చీల్లోంచి జారిపడ్డాం.

నవ్వులయ్యాక ఆమె నాతో తెలుగులో ఒక మాట అంది. "ఆల్ల దేశంలో పన్ను అంటే పొట్టి గుమ్మం లాంటిది. లోపలికెల్లేటప్పుడు తల తగుల్తాది. తగిలి ఆగుతారు. ఆగితే ఆలోసిస్తారు. మనకాడ గుమ్మమే నేదు. మోటారు సైకిలు మీదే లోపలికెల్లి మోటారు మీదే బయటికొచ్చేయొచ్చు. మనోల్లు అందుకే ఏడాది తిరక్కుండా అంతా ఊదేస్తన్నారు."

ఆమె పనిచేసే తీరు వేరుగా ఉండేది. మాకు సలహా చెప్పే హక్కు లేదు, నియమాలు మాత్రమే చెప్పాలి. మేమంతా నియమాలన్నీ గడగడా అప్పజెప్పేసి చేతులు దులుపుకునేవాళ్ళం. అక్క అలా కాదు. "సలహా సెప్పే లైసెన్సు నేదు గాని అడిగే నోరుంది గదా" అనేది. మూడే ప్రశ్నలు. ఇప్పుడే ఎందుకు? పన్ను ఏ డబ్బుతో కడతారు? అయిదేళ్ళు ముట్టుకోకుండా కూర్చోగలరా? అడిగి, హెడ్‌ఫోను మైకు పైకి తోసేసి, కమలాపండు ఒలుచుకునేది. అవతలి మనిషి ఎంతసేపు మాట్లాడకపోతే అంతసేపూ ఒలుస్తూనే ఉండేది. "అడిగినాక నోరు మూసుకోయే. ఆ కాళీని నువ్వు నింపీకు, ఆల్లే నింపుకుంటారు" అని నన్ను కసిరేది.

ఒకాయన బాగా గుర్తున్నాడు. పక్కింటివాడు మార్చుకున్నాడట, తనూ మొత్తం ఒకేసారి మార్చేయాలట. పన్ను ఏ డబ్బుతో అని అడిగింది. దాంట్లోంచే కోసుకోండి అన్నాడు. అక్క కమలాపండు తీసింది. తొక్క ఒలిచింది, పీచు తీసింది, తొనలు విడదీసి కాగితం మీద వరసగా పేర్చింది. చివరికి ఆయనే, "అంటే... కోసినంతా కొత్త ఖాతాలోకి వెళ్ళదన్నమాట. నాకు ఇంకా అరవై దగ్గర పడలేదు, కోసిన దానిమీద జరిమానా కూడానా?" అన్నాడు. "అవును సార్" అంది. ఆలోచించుకుని చేస్తానని పెట్టేశాడు. అక్క ఒక తొన నా చేతిలో పెట్టి, "బతికిపోనాడు" అంది.

ఇక ఆమె అన్న. అక్కది సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్ అనే ఊరు. కొబ్బరితోటల మధ్య పెరిగింది. అన్న అక్కడే నూనె మిల్లులో పనిచేసి, తన జీతంతోనే ఆమెను చదివించాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయన సంగతి ఎత్తితే అక్క గొంతు మారిపోయేది. కుడి మోకాలు చాలాకాలంగా పాడు, కుంటుతూనే నడుస్తాడు, ఆపరేషను అంటే మాత్రం పసిపిల్లాడిలా భయం.

ఆయనకు యాభై అయిదు నిండిన ఏడు, అక్క తన కారులో నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. ఆ తీరంలో ఒక పిచ్చి ఉంది. కిటికీల్లేని ఎత్తైన ఇల్లు కట్టి, స్పీకర్లలో పిట్టల కూతలు పెట్టి, నిజం పిట్టలు వచ్చి గూళ్ళు కడతాయని కాచుకుంటారు. ఆ గూళ్ళతో చైనీయులు సూపు చేసుకుంటారు కాబట్టి మంచి ధర. అన్న స్నేహితుడొకడు అలాంటి ఇల్లు కడుతున్నాడట, ఈయన్ను భాగం కలుపుకుంటాడట. పీఎఫ్ డబ్బు మొత్తం తీసేస్తానని అన్నం తింటూ చల్లగా చెప్పాడు.

అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మొత్తమా? ముసలోడివైపోతే ఏటి తింతావ్?"

"నా డబ్బే అది. తీస్తే పన్ను కూడా నేదు. గవర్మెంటే ఒద్దననేదు, మద్దిన నీకేటే?" అన్నాడాయన నవ్వుతూ.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను కమలాపండు కోసం చుట్టూ చూశాను కూడా. అప్పుడు చెయ్యి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ, "గవర్మెంటు ఎయ్యకపోతే నాను ఏస్తాను పన్ను" అంది.

"ఓలమ్మో! ఏటి పన్ను?"

"గోనెడు కొబ్బరికాయలు. నువ్వే ఒలవాల, నువ్వే మొయ్యాల, క్లాంగ్‌లో మా ఇంటికి నువ్వే తేవాల. తెచ్చినాక మూడు మాటలు అడుగుతాను. ఆ తరవాత నీ ఇష్టం, నానొక్క మాట అంటే ఒట్టు."

"ఇదేటి దొంగ గవర్మెంటే!" అని ఆయన పగలబడి నవ్వాడు. నవ్వి ఒప్పుకున్నాడు. ఆమె అడిగితే కాదన్న పాపాన ఆయన ఎప్పుడూ పోలేదు.

అక్కా నేనూ ఒకే ఫ్లాట్ల బిల్డింగులో ఉండేవాళ్ళం, ఆమె పైన, నేను కింద. తర్వాతి శనివారం మెట్ల మీద దబ్‌ దబ్‌మని చప్పుడు. చూస్తే అన్న. అంత దూరం మోటారు మీద వచ్చి, సంచి మెట్టు మెట్టుకీ దించుకుంటూ ఎక్కుతున్నాడు. సాయం పట్టబోతే, "ఒద్దమ్మా, ఒప్పందం" అన్నాడు. నేనూ వెనకాలే పైకి పోయాను. అక్క టీ ఇచ్చింది, పీట వేసుకుని కొబ్బరి కోరుకుంటూ కూర్చుంది.

"ఇప్పుడే ఎందుకన్నా?"

"పిట్టలు ఇప్పుడే వస్తన్నాయంట."

"కరుసంతా ఏ డబ్బుతో?"

"ఇంకే డబ్బుంది? అదే."

అక్క కోరుతూనే ఉంది. చిప్ప అయిపోయింది, ఇంకో చిప్ప తీసుకుంది. "పిట్ట రాకపోనా అయిదేల్లు కూకోగలవా?"

ఆయన టీ అంతా తాగాడు, గ్లాసులోకి చూశాడు. "రాకపోతే నానే ఆ ఇంట్లో పడుకుని ఆ స్పీకరు కూత ఇనాల" అని తనే నవ్వేశాడు. అన్నం తిని, మోటారెక్కి వెళ్ళిపోయాడు. డబ్బు కదల్లేదు. ఆ పిట్టల ఇల్లు సగంలో ఆగిపోయి ఈనాటికీ మొండిగోడలతో అలాగే ఉంది.

అది మొదలు. ఒకసారి కాయలు వేసుకు తిరగడానికి పెద్ద బండి కొంటానన్నాడు, ఇంకోసారి ఎవరో చేపల చెరువన్నారు. ఆయన మనసు ఊగినప్పుడల్లా మెట్ల మీద దబ్‌ దబ్. మా బిల్డింగంతా కొబ్బరి పచ్చడే. కింది ఫ్లోరు మలాయ్ ఆవిడ నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నానికి కొబ్బరి కొనడం మానేసి, "మీ మామయ్య ఈ నెల రాలేదేం?" అని అడిగేది. చాలాసార్లు ఆయన దారిలోనే మనసు మార్చుకుని వచ్చేవాడు, ప్రశ్నలు అడగకముందే "తియ్యనులే, టీ పొయ్యి" అనేవాడు. అక్క మాత్రం ప్రతిసారీ ఒకటే పాట: "మోకాలికి తియ్యి అన్నా. దానికైతే నానేటీ అననంటే అనను." ఆయన దానికి మాత్రం చెవిటివాడు. "నడుస్తంది గదే" అనేవాడు.

తర్వాత అక్కకు జబ్బు చేసింది. పేరు రాయడం నాకిష్టం లేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో మందులు వాడుతోంది. ప్రైవేటుకు పోయినా జరిగేది మారదని డాక్టర్లు ఆమెతో విడమరిచి చెప్పారు. ఆ మాట నాకు చెప్పింది, అన్నకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. మెట్ల మీద చప్పుడు లేదు. వట్టి చేతులతో వచ్చాడు. గుమ్మంలోంచే, "మొత్తం తీసేస్తన్నాను. పెద్దాసుపత్రికి ఎల్దాం, లే" అన్నాడు.

అక్క సోఫాలో దుప్పటి కప్పుకుని ఉంది. "టేక్సేది?"

"ఇప్పుడు కూడా టేక్సేటే?" అని ఆయన అరిచాడు. ఆ మనిషి అరవడం నేను చూడడం అదే మొదటిసారి. గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

"అందరికీ ఒకటే రూలన్నా. తెచ్చుకో, ఎల్లు" అంది ఆమె మెత్తగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనిషివక్కా, ఒక్కసారి ఆయన్ని పోనివ్వలేవా అని వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి కుదేశాను. ఆయన మాత్రం వెళ్ళాడు. మర్నాడే సంచితో తిరిగొచ్చాడు. వేళ్ళు గీసుకుపోయి ఉన్నాయి, రాత్రంతా ఒలిచాడేమో. సంచి ఆమె కాళ్ళ దగ్గర దించి, నేలమీదే కూర్చున్నాడు.

"ఇప్పుడే ఎందుకన్నా?"

"నువ్వు బతకాల."

"ఏ డబ్బుతో?"

"నాదే. నీకోసమే దాసినాననుకో."

మూడోది ఆమె వెంటనే అడగలేదు. ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ఫోన్లో నానేటి సెప్తానో నీకు తెల్దు గదా. మార్చిన డబ్బు అయిదేల్లు కూకోవాల, అంత ఓపిక నేనోల్లు మార్చకూడదని సెప్తాను. నాకాడ అయిదేల్లు నేవన్నా. డాక్టరు సెప్పేసినాడు. ఎన్ని డబ్బులు పోసినా నేవు." ఆ చెయ్యి నొక్కి, "నీకాడ ఉన్నాయి. ఆటి కోసం ఉంచు" అంది.

ఆయన ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. నేను వంటింట్లో కొబ్బరి కోరుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె మీద కోపం పోయిందా అంటే, పోలేదు. ఇప్పటికీ కొంచెం ఉంది. ఆయన డబ్బు ఖర్చు పెట్టనివ్వకపోయినా, ఖర్చు పెట్టాలన్న ఆశ ఇంకొన్నాళ్ళు ఉంచాల్సింది అనిపిస్తుంది. అలా ఉంచితే ఆమె ఆమె కాదు, అదీ నాకు తెలుసు.

ఆ తర్వాత కొద్దికాలానికే పోయింది. రొట్టె కొట్టులో గల్లా మీద కూర్చునే ఆయన అక్క దహనానికి వచ్చి, ఒక మూల నిలబడి, "అక్క మాకు ఒక్క పైసా బాకీ లేదు" అని తమిళంలో అందరికీ చెప్పాడు. నాకు ఏడుపులో నవ్వొచ్చింది.

ఇప్పుడు సంచి సంగతి. మొన్న ఆదివారం కూర వండుతుంటే మెట్ల మీద దబ్‌ దబ్ వినబడింది. చప్పుడు మా ఫ్లోరు దాటి పైకి పోయింది. ఆగింది. కాసేపటికి మళ్ళీ కిందికి దిగుతూ వచ్చి మా గుమ్మంలో ఆగింది. తలుపు తీస్తే అన్న. చెమటతో తడిసిపోయి, గోడ పట్టుకుని, బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడ్డాడు.

"కాల్లు అలవాటుగా పైకే ఎల్లిపోనాయమ్మా. ఆ ఇంట్లో ఎవులో సైనా వోల్లున్నారు" అన్నాడు. సంచి కేసి చూశాడు. "ఇది నీకు కట్టొచ్చా?"

లోపలికి రమ్మన్నాను, టీ పెట్టి ఇచ్చాను. ఆయన కుర్చీలో నిటారుగా, చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. టీ ముట్టుకోలేదు.

"అడగవా?"

అడిగాను. "ఇప్పుడే ఎందుకన్నా?"

"మొన్న తోటలో కూలబడిపోనాను. లేపినోడు నేడు, ఎండంతా నా మీదే. మోకాలు సేయించుకుంటాను."

"ఏ డబ్బుతో?"

"పీఎఫ్ డబ్బుతో. ఉందమ్మా. ఏటీ పోనేదు, అంతా అలాగే ఉంది. కదల్నిచ్చిందా అది?" అని తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు.

మూడోది దగ్గర ఆగిపోయాను. ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఒలుచుకోవడానికి నా చేతిలో పండు కూడా లేదు. చివరికి ఆయనే, "అయిదేల్లు కూకోగలవా అని అడుగు లా" అన్నాడు.

"అయిదేళ్ళు కూర్చోగలవా అన్నా?"

"కూకోను. నడుస్తాను."

"సరే, తీసుకో అన్నా" అన్నాను. అప్పుడు టీ తాగాడు. తాగి, లేచి, కుంటుకుంటూ ఆ సంచిని గుమ్మం నుంచి వంటింటి దాకా తనే ఈడ్చాడు. నేను సంచి ఒక మూల పట్టుకోబోతే నా చెయ్యి తోసేశాడు.